ఆఫీసు ఇంటర్నెట్‌కు కంచె ఎక్కడ వేయాలి

(చిన్న, మధ్యతరహా సంస్థల నిర్వాహకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

వెబ్ ఫిల్టరింగ్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఏ సైట్లు ఆపాలి, ఎలా ఆపాలి అన్నది మీరు వినాలనుకుంటున్న విషయం. అది చెబుతాను. కానీ ముందుగా నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఇవాళ మీ ముందు పెట్టబోయే అభిప్రాయాలన్నీ ఆ తప్పులోంచి పుట్టినవే.

కొన్నేళ్ల క్రితం నలభై మంది పనిచేసే ఒక సంస్థలో నెట్‌వర్క్ పని నాకు అప్పగించారు. యజమాని కోరిక సూటిగానే ఉంది: "పని వేళల్లో పని తప్ప ఇంకేమీ తెరుచుకోకూడదు." వీడియోలు, సోషల్ మీడియా, షాపింగ్, సొంత మెయిళ్లు, ఫైల్ షేరింగ్, వార్తలు... ఆయన అడిగినవన్నీ బ్లాక్ చేశాను. ఎవరు ఏ సైటు తెరవబోయి ఆగిపోయారో ప్రతి సోమవారం ఉదయం ఆయన మెయిల్‌కి జాబితా వెళ్లేలా కూడా పెట్టాను. ఆయన ఆ జాబితా పట్టుకుని అందరి ముందూ పేర్లు చదివేవారు. నేను మాత్రం పని బాగా చేశాననే అనుకున్నాను.

మూడు నెలలు గడిచాయి. అకౌంట్స్‌లో పనిచేసే ఒకావిడకి ఒక కస్టమర్ పెద్ద ఫైలు లింకు పంపించారు. అది ఫైల్ షేరింగ్ సైటు కాబట్టి తెరుచుకోలేదు. తెరిపించమని అడగాలంటే యజమాని దాకా వెళ్లాలి. అడిగినా అడగకపోయినా సోమవారం జాబితాలో పేరు ఎలాగూ ఉంటుంది. ఆవిడ తన ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, ఆఫీసు ల్యాప్‌టాప్‌ని దానికి కలిపి, ఫైలు దించుకున్నారు. పని అయింది. పక్క సీటు వాళ్లకీ ఆ సంగతి చెప్పారు. నెల తిరిగేసరికి ఆ గదిలో సగం మంది హాట్‌స్పాట్ మీదే పనిచేస్తున్నారు. నా ఫిల్టర్ రిపోర్టులు మాత్రం వారం వారం శుభ్రపడుతూ వచ్చాయి. ఆగిపోయిన ప్రయత్నాలు తగ్గుతుంటే అందరూ దారిలో పడ్డారని యజమాని సంతోషించారు. నేనూ సంతోషించాను.

ఒకరోజు "సవరించిన ఇన్వాయిస్" అంటూ ఆవిడకి ఒక మెయిల్ వచ్చింది. లింకు నొక్కితే అచ్చం మెయిల్ లాగిన్ పేజీలాంటిదే వచ్చింది. పాస్‌వర్డ్ కొట్టేశారు. ఆ పేజీ ఉన్న డొమైన్, అంటే సైటు పేరు, రిజిస్టరై నాలుగు రోజులే అయిందని నేను తర్వాత చూశాను. కొత్తగా పుట్టిన డొమైన్లను ఆపే కేటగిరీ మా ఫిల్టర్లో ఆన్‌లోనే ఉంది. ఆఫీసు నెట్ మీద ఉంటే ఆ పేజీ తెరుచుకునేదే కాదు. అరగంటలోనే ఆవిడకి అనుమానం వచ్చింది. అయినా రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే హాట్‌స్పాట్ వాడినట్టు ఒప్పుకోవాలి కదా. ఆ రెండు రోజుల్లో ఆవిడ మెయిల్‌లోంచే కస్టమర్లకు "మా బ్యాంకు అకౌంట్ నంబరు మారింది" అని ఉత్తరాలు వెళ్లాయి. ఒక కస్టమర్ డబ్బు వేసేశారు.

ఆ డబ్బు తిరిగి రాలేదు. ఆవిడ ఉద్యోగం మానేశారు. తప్పు ఆవిడది కాదని, నేను పెట్టిన పద్ధతిదని అప్పుడే గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతూనే ఉంది.

ఫిల్టర్‌తో దాడులను ఆపొచ్చు. మనుషుల మీద నిఘా కూడా పెట్టొచ్చు. చిన్న సంస్థలో రెండోది మొదలైన రోజు నుంచి మొదటిది పాడవుతూ వస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ఇక ఫిల్టర్ అసలు ఎక్కడ కూర్చుని పనిచేస్తుందో చూద్దాం. బ్రౌజర్లో మీరు ఒక సైటు పేరు కొట్టగానే కంప్యూటర్ ముందుగా చేసేది, ఆ పేరుకి ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో దాని చిరునామా నంబరు, ఏమిటని ఒక సర్వర్‌ని అడగడం. దీన్నే డీఎన్ఎస్ అంటారు. 1983లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త పాల్ మోకపెట్రిస్ దీన్ని రూపొందించారు. అప్పటి ఇంటర్నెట్ చాలావరకు పరిశోధకుల ప్రపంచం. అందుకని ప్రశ్నా జవాబూ రెండూ ఏ దాపరికమూ లేకుండా బాహాటంగా వెళ్లేలా పెట్టారు. ఇప్పటికీ చాలాచోట్ల అలాగే వెళుతున్నాయి. ఫిల్టరింగ్‌లో అన్నిటికంటే తేలికైన పద్ధతి దీని మీదే నిలబడి ఉంది. జవాబు చెప్పే సర్వర్‌ని మనం ఎంచుకుంటే చాలు. దొంగ సైటు పేరు అడిగితే ఆ సర్వర్ అసలు అడ్రస్ ఇవ్వదు. అడ్రస్ తెలియకపోతే కనెక్షనే మొదలవదు.

దీనికి కొత్త పెట్టె ఏదీ కొనక్కర్లేదు. రౌటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ అడ్రస్ మార్చాలి, అంతే. క్వాడ్9 అనే లాభాపేక్ష లేని సంస్థ 2017 నుంచి 9.9.9.9 అనే అడ్రస్ మీద ఈ సేవ ఉచితంగా ఇస్తోంది. మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాములు), ఫిషింగ్ (నకిలీ పేజీలతో పాస్‌వర్డులు కాజేయడం) డొమైన్లను ఆపుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020లో ఇలాంటివే రెండు మొదలుపెట్టింది: 1.1.1.2 మాల్‌వేర్‌ని ఆపుతుంది, 1.1.1.3 దాంతోపాటు అశ్లీల సైట్లను కూడా ఆపుతుంది. ఇంకా ఏ ఫిల్టరూ లేనివాళ్లు ఇవాళ ఆఫీసుకి వెళ్లగానే పది నిమిషాల్లో ఈ మార్పు చేసుకోవచ్చు.

ఇక్కడ రెండు చోట్ల చాలామంది పొరపాటు పడతారు, నేను చూస్తూనే ఉంటాను. రౌటర్లో డీఎన్ఎస్‌కి రెండు గళ్లు ఉంటాయి. మొదటి గడిలో 9.9.9.9 పెట్టి, రెండో గడిలో పాత ఇంటర్నెట్ కంపెనీ అడ్రస్ అలాగే వదిలేస్తారు. మొదటిది పనిచేయనప్పుడే రెండోదాన్ని వాడుతుందని అనుకుంటారు. అది నమ్మకంగా చెప్పలేం. చాలా పరికరాలు రెండింటినీ ఇష్టమొచ్చినట్టు అడుగుతాయి. అంటే మీ కంచెలో సగం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. రెండో గడిలో కూడా అదే సేవకు చెందిన రెండో అడ్రస్సే పెట్టాలి. క్వాడ్9కి అయితే 149.112.112.112. ఇక రెండో పొరపాటు, ఆఫీసులో విండోస్ డొమైన్ సర్వర్ (ఆఫీసు కంప్యూటర్లన్నిటి లాగిన్లనూ ఒకేచోట చూసుకునేది) ఉన్నవాళ్లు చేసేది. కంప్యూటర్లను నేరుగా బయటి డీఎన్ఎస్‌కి కలిపేస్తారు. మర్నాడు ప్రింటర్లు కనబడవు, లాగిన్లు ఆలస్యమవుతాయి. కంప్యూటర్లు మీ సొంత సర్వర్‌నే అడగాలి. ఆ సర్వర్ బయటి ఫిల్టర్‌ని అడగాలి.

ఉచిత సేవలు అందరికీ ఒకే నియమం పెడతాయి. అకౌంట్స్‌కి ఒకలా, గోదాముకి ఒకలా పెట్టడం కుదరదు. పొరపాటున ఆగిన సైటుని మీరే విడిపించలేరు. ల్యాప్‌టాప్ ఆఫీసు దాటితే రక్షణ కూడా అక్కడితో ఆగిపోతుంది. సంస్థ పదిమందిని దాటి, కొందరు బయట తిరుగుతూ పనిచేస్తుంటే డబ్బు కట్టే సేవ తీసుకోండి. అందులో ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఒక చిన్న ప్రోగ్రామ్ వేస్తారు. హాట్‌స్పాట్ మీద ఉన్నా, ఇంట్లో ఉన్నా ఫిల్టర్ దాని వెంటే ఉంటుంది. నేను చెప్పిన సంస్థలో అది ఉండి ఉంటే ఆ ఫిషింగ్ పేజీ ఆగేది. అప్పట్లో ఖర్చు ఎందుకని వద్దనుకున్నాం.

"చెడ్డ సైట్లకు వెళ్లకపోతే చాలు, ఇవన్నీ ఎందుకు" అని కొందరు అడుగుతారు. 2016 మార్చిలో న్యూయార్క్ టైమ్స్, బీబీసీ లాంటి సైట్లలోనే మాల్‌వేర్ ఉన్న ప్రకటనలు వచ్చాయి. ఆ సైట్లను ఎవరూ బద్దలు కొట్టలేదు. ప్రకటనలు అమ్మే నెట్‌వర్క్‌ల ద్వారా వాటిలోకి చేరాయి. బ్రౌజర్, ప్లగిన్లు అప్‌డేట్ చేయనివాళ్లు ఏదీ నొక్కకపోయినా దెబ్బతినే పరిస్థితి. పేరున్న వార్తా పత్రిక చదువుతున్న మనిషిని ఏమని తప్పుపడతాం? డీఎన్ఎస్ ఫిల్టర్ ఇలాంటిచోటే అక్కరకొస్తుంది. పేజీ తెరుచుకుంటుంది, దాని వెనక మాల్‌వేర్ దింపే డొమైన్ మాత్రం ఆగిపోతుంది.

అలాగని దీని మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. డీఎన్ఎస్‌కి సైటు పేరు మాత్రమే తెలుస్తుంది, పేజీ తెలియదు. దొంగలకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే అందరూ వాడే ఉచిత ఫారమ్‌లు, ఫైల్ షేరింగ్ సేవల మీదే నకిలీ లాగిన్ పేజీలు పెడుతున్నారు. ఆ పేరు ఆపితే మీ పనీ ఆగుతుంది, ఆపకపోతే దొంగా వస్తాడు. కాబట్టి మెయిల్‌కి రెండంచెల లాగిన్ తప్పనిసరి. ఫిల్టర్‌కి మీరు పెట్టే ఖర్చులో కొంత దాని మీద పెట్టమని చెప్పడానికి నేను మొహమాటపడను.

ఇప్పుడు ఫిల్టర్‌ని తప్పించుకునే దారులు. నెట్‌వర్క్ చూసుకునే వాళ్లు ఇక్కడ కొందరు ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

2018లో డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ అనే ప్రమాణం వచ్చింది. బ్రౌజర్ తన ప్రశ్నను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలోకి మార్చి, మామూలు వెబ్ ట్రాఫిక్ వెళ్లే 443 పోర్టులోనే పంపుతుంది. పోర్టు అంటే ట్రాఫిక్ వెళ్లే నంబరున్న గుమ్మం లాంటిది. మీ రౌటర్‌కి అది ఏదో సైటు చూస్తున్నట్టే కనిపిస్తుంది. వ్యక్తుల గోప్యతకు ఇది మంచిదే, నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ ఆఫీసులో మీరు పెట్టిన ఫిల్టర్‌ని ఇది చడీచప్పుడు లేకుండా దాటేస్తుంది. ఆఫీసు కంప్యూటర్లలో దీన్ని బ్రౌజర్ పాలసీ ద్వారా ఆపేయొచ్చు, లేదా మీ ఫిల్టర్ సేవ ఇచ్చే ఎన్‌క్రిప్టెడ్ అడ్రస్‌నే అందులో పెట్టొచ్చు. రెండోదే మంచి పద్ధతి. ఫైర్‌ఫాక్స్ అయితే ముందుగా ఒక ప్రత్యేకమైన పేరుని అడిగి చూస్తుంది. మీ డీఎన్ఎస్ దానికి "లేదు" అంటే, వాడేవాళ్లు స్వయంగా ఆన్ చేసి ఉంటే తప్ప తనంతట తాను ఈ దారికి మారదు. మామూలు డీఎన్ఎస్‌కి 53, డీఎన్ఎస్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే ఇంకో పద్ధతి, డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్‌కి 853 పోర్టులు. మీ ఫిల్టర్‌కి తప్ప బయట ఎవరికీ ఈ రెండూ వెళ్లకుండా ఫైర్‌వాల్‌లో, అంటే నెట్‌వర్క్ గుమ్మం దగ్గరి కాపలాలో, నియమం రాయండి. ఇది రాయని ఆఫీసుల్లో ఎవరైనా తన కంప్యూటర్లో డీఎన్ఎస్ అడ్రస్ మార్చుకుంటే చాలు, ఫిల్టర్ లేనట్టే.

ఇంకో పద్ధతిని అమ్మకందార్లు మీకు గట్టిగా చెబుతారు: హెచ్‌టీటీపీఎస్ ట్రాఫిక్‌ని, అంటే ఎన్‌క్రిప్ట్ అయి వెళ్లే వెబ్ ట్రాఫిక్‌ని, మధ్యలో విప్పి చూడటం. ఆఫీసు కంప్యూటర్లన్నిట్లో సంస్థ సొంత రూట్ సర్టిఫికెట్ (సైట్ల గుర్తింపు పత్రాలను నమ్మడానికి కంప్యూటర్ ఆధారంగా తీసుకునేది) ఒకటి వేస్తారు. అప్పుడు మధ్యలో ఉన్న పెట్టె ప్రతి సైటు పేరిటా తానే సర్టిఫికెట్ తయారుచేసి, అంతా విప్పి, చూసి, మళ్లీ మూసి పంపుతుంది. పేజీలో ఏముందో, ఏ ఫైలు దిగుతోందో తెలుస్తుంది. పెద్ద సంస్థల్లో దీన్ని చూసుకోవడానికే మనుషులు ఉంటారు. మీకు ఉండరు. మీ సిబ్బంది బ్యాంకు పాస్‌వర్డులు, ఆరోగ్య రిపోర్టులు అన్నీ ఆ ఒక్క పెట్టెలో తేటతెల్లంగా ఉంటాయి. దాని సాఫ్ట్‌వేర్ ఒక్కసారి అప్‌డేట్ చేయడం మరిచిపోయి, ఎవడైనా అందులో దూరాడంటే కంచే చేను మేసినట్టు అవుతుంది. పైగా తన సర్టిఫికెట్ తప్ప వేరేది ఒప్పుకోని యాప్‌లు చాలా ఉన్నాయి, అవి పనిచేయడం మానేస్తాయి. వందమంది లోపు ఉన్న సంస్థకి ఇది వద్దనే నా సలహా. చట్టం తప్పనిసరి చేసిన రంగాల్లో ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు కూడా బ్యాంకు, ఆరోగ్యం సైట్లను విప్పకుండా వదిలేయాలి.

మాటలు పట్టుకుని ఆపే పద్ధతి మాత్రం అస్సలు వాడకండి. ఇంగ్లండ్‌లో స్కన్‌థార్ప్ అనే ఊరుంది. 1996లో ఆ ఊరివాళ్లు ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సేవలో అకౌంట్ తెరవబోతే ఫిల్టర్ ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆ ఊరి పేరు మధ్యలోని కొన్ని అక్షరాలు ఇంగ్లిష్‌లో బూతుమాట. దాదాపు ముప్ఫై ఏళ్లయినా ఇలాంటి ఫిల్టర్లు ఇంకా అమ్ముతున్నారు. ఐపీ అడ్రస్‌ని ఆపడం కూడా అలాంటిదే. ఒకే అడ్రస్ మీద వందలూ వేలూ సైట్లు ఉంటాయి. 2013లో ఆస్ట్రేలియాలో ఒక మోసపు సైటుని ఆపబోయి, ప్రభుత్వ సంస్థ ఒకటి వెయ్యికి పైగా సంబంధం లేని సైట్లను ఆపేసింది. కేటగిరీల జాబితాలు కూడా తప్పులకు అతీతం కావు. ఇందాక చెప్పిన 1.1.1.3 మొదలైన కొత్తలోనే స్వలింగ సంపర్కులకు, ట్రాన్స్‌జెండర్లకు సమాచారం ఇచ్చే మంచి సైట్లను కూడా ఆపింది. అది తమ పొరపాటేనని ఆ సంస్థ బయటికి చెప్పి, సరిచేసుకుంది. అలా చెప్పడం నాకు నచ్చింది.

ఎక్కువ ఆపితే ఎక్కువ భద్రత అనుకునేవాళ్లకు ఇంకొకటి చెప్పాలి. 2017 మేలో వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్‌వేర్) ప్రపంచమంతా పాకింది. అది ఒక కంప్యూటర్లోకి చేరగానే, ఒక వింత డొమైన్ పేరు పలుకుతోందా అని చూసేది. పలికితే అక్కడితో ఆగిపోయేది. ఒక పరిశోధకుడు ఆ పేరుని రిజిస్టర్ చేయడంతో దాని వేగం పడిపోయింది. మాల్‌వేర్ అడుగుతున్న పేరు కదా అని ఆ డొమైన్‌ని ఎవరైనా ఫిల్టర్లో పెడితే, ఆ నెట్‌వర్క్‌లో మాత్రం అది ఆగకుండా కంప్యూటర్లను తాళం వేసుకుంటూ పోతుంది. దాన్ని బ్లాక్ చేయొద్దని భద్రతా సంస్థలు ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. ఏది ఆపుతున్నామో, ఎందుకు ఆపుతున్నామో తెలియకుండా మీట నొక్కకూడదు.

మరి ఏమేం ఆపాలి? మాల్‌వేర్, ఫిషింగ్, మాల్‌వేర్ తన యజమానికి కబురు పంపుకునే డొమైన్లు, ఈ నెలలోనే పుట్టిన కొత్త డొమైన్లు. అశ్లీల సైట్లు కూడా ఆపండి. అది పక్కన కూర్చుని పనిచేసేవాళ్ల గౌరవానికి సంబంధించిన విషయం. ఫిల్టర్‌ని దాటించే ప్రాక్సీ సైట్లు కూడా. నా దృష్టిలో ఇక్కడితో చాలు. ఎవరైనా రోజంతా వీడియోలు చూస్తూ పని చేయడం లేదంటే, అది వాళ్ల పై అధికారి కూర్చుని మాట్లాడాల్సిన విషయం. ఆ మాట రౌటర్ చేత అనిపించకండి. వీడియోల వల్ల నెట్ నెమ్మదిస్తోందంటే వాటికి వేగం పరిమితి పెట్టండి, ఆపనక్కర్లేదు.

ఒక్క చోట మాత్రం నేను చాలా కఠినంగా ఉంటాను. డబ్బు పంపే కంప్యూటర్. ప్రతి సంస్థలోనూ బ్యాంకు లావాదేవీలకు ఒక కంప్యూటర్‌ని విడిగా పెట్టుకోండి. అందులో బ్యాంకు, పన్నుల సైటు, అప్‌డేట్లు వచ్చే సైట్లు తప్ప మరేదీ తెరుచుకోకూడదు. మెయిల్ కూడా తెరుచుకోకూడదు. మిగతా అందరికీ "ఇవి తప్ప అన్నీ", దీనికి "ఇవే, ఇంకేమీ కాదు". పాత కంప్యూటరైనా సరే, దాని సాఫ్ట్‌వేర్‌కి ఇంకా అప్‌డేట్లు వస్తుంటే పనికొస్తుంది. చిన్న సంస్థకి ఫిల్టరింగ్ వల్ల కలిగే లాభంలో పెద్ద వాటా ఇదేనని నా అనుభవం. కెమెరాలు, ప్రింటర్లు కూడా ఇలాగే. అవి మాట్లాడాల్సిన చోట్లు నాలుగైదే ఉంటాయి, వాటితోనే మాట్లాడనివ్వండి. అతిథుల వైఫై వేరుగా ఉండాలని మీకు చెప్పక్కర్లేదు.

ఇక మనుషుల సంగతి. రొమేనియాలో ఒక ఇంజినీరు ఆఫీసు పని కోసం తెరిచిన మెసెంజర్ అకౌంట్లో ఇంటివాళ్లతో మాట్లాడాడని 2007లో ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ మాటలన్నీ సంస్థ చదివింది. కేసు యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లింది. 2017 సెప్టెంబరులో ఆ కోర్టు విస్తృత ధర్మాసనం అతని పక్షాన తీర్పు ఇచ్చింది. సంస్థకి పర్యవేక్షించే అధికారమే లేదని కోర్టు అనలేదు. ముందుగా చెప్పారా, ఎంతవరకు చూస్తారో చెప్పారా, అంత చూడటానికి కారణం ఉందా, ఇంతకంటే తక్కువతో సరిపోయేదా అని అడిగింది. మీ దేశం ఏదైనా సరే, మీ చట్టం ఏం చెప్పినా సరే, ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు ఒక కాగితం మీద రాసుకుని సిబ్బందికి చదివి వినిపించండి. లాగ్‌లు, అంటే ఎవరు ఏ సైటు అడిగారో నమోదైన రికార్డులు, ఎన్ని రోజులు ఉంచుతారో, ఎవరు చూస్తారో కూడా అందులో రాయండి. పేర్లతో కూడిన రిపోర్టు ఎవరి మెయిల్‌కీ వెళ్లకూడదు. దాడి జరిగినప్పుడు వెతకడానికి మాత్రమే ఆ లాగ్‌లు ఉండాలి.

సైటు ఆగినప్పుడు ఏం కనిపిస్తుందన్నది చాలామంది పట్టించుకోరు. "నిషేధించబడింది" అని ఎర్రక్షరాలతో ఒక పేజీ. దాని బదులు "ఈ సైటు ప్రమాదకరం కావచ్చని ఆపాం, పనికి కావాలంటే ఫలానా నంబరుకి ఫోన్ చేయండి" అని రాయండి. ఫోన్ చేసినవాళ్లకి పావుగంటలో జవాబు రావాలి. యజమాని సంతకం అక్కర్లేదు. ఇంకో చిక్కు ఉంది. హెచ్‌టీటీపీఎస్ సైటు స్థానంలో మీ పేజీ చూపించబోతే బ్రౌజర్ సర్టిఫికెట్ హెచ్చరిక చూపిస్తుంది. జనం దాన్ని దాటుకుని వెళ్లడం అలవాటు చేసుకుంటారు. రేపు నిజమైన దొంగ సైటు దగ్గర వచ్చే హెచ్చరికనీ అలాగే దాటేస్తారు. ఆ హెచ్చరిక ఎందుకు వస్తుందో, దాన్ని ఎప్పుడూ దాటకూడదని సిబ్బందికి ముందే చెప్పండి. లేదా ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రామే సందేశం చూపించే సేవని ఎంచుకోండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఏఐ చాట్ సైట్లను ఆపాలా అని సభలో ఒకరు అడిగారు.)

ఆపితే ఫోన్లో వాడతారు, అప్పుడు మీకు అసలు తెలియదు. మీరు డబ్బు కట్టి, మీ సమాచారం శిక్షణకు వాడబోమని ఒప్పందంలో రాసిచ్చే ఒకటి ఎంచుకుని ఇవ్వండి. కస్టమర్ వివరాలు, పాస్‌వర్డులు అందులో పెట్టకూడదని చెప్పండి. మంచిది ఒకటి చేతికిచ్చాక మిగతావి ఆపితే ఎవరూ బాధపడరు.

(ఆ నలభై మంది సంస్థలో తర్వాత ఏం చేశారని మరొకరు అడిగారు.)

ఆపిన కేటగిరీలను ఇందాక చెప్పినవాటికే కుదించాం. సోమవారం జాబితా ఆపించాను. దానికి యజమానితో రెండుసార్లు గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. ఆగిన పేజీ మీద నా ఫోన్ నంబరు పెట్టాం. మొదటి వారంలో చాలా ఫోన్లు వచ్చాయి, అన్నీ పనికి కావలసిన సైట్ల గురించే. తర్వాత తగ్గాయి. హాట్‌స్పాట్లు వాటంతట అవే మాయమయ్యాయి.

రెండో నెలలో గోదాములో కొత్తగా చేరిన అబ్బాయి ఫోన్ చేశాడు. "సార్, ఇప్పుడే ఒక పేజీలో పాస్‌వర్డ్ కొట్టాను, ఎందుకో అనుమానంగా ఉంది" అన్నాడు. నేను ఫోన్లో ఉండగానే అతని పాస్‌వర్డ్ మార్పించి, అప్పటికే తెరిచి ఉన్న లాగిన్లన్నీ మూయించాను. అతను పేజీ తెరిచి అప్పటికి నాలుగు నిమిషాలు అయింది.